అక్టోబరు ఒకటి దాకా ఒక పాలపన్ను

ఆగస్టు 19, మంగళవారం

ఇరవై ఆరు నిండాయి. నానమ్మ ఆల్‌బుఖారా టార్టు చేసింది. మీద చీజ్ పొర దట్టంగా వేసింది. నాన్న ఒక కవరు ఇచ్చాడు. గ్రీటింగ్ కార్డు అనుకున్నాను. ఆయన పనిచేసే కాగితం మిల్లు నుంచి వచ్చిన ఉత్తరం. నాకు ఇరవై ఆరు వచ్చాయి గనక ఆయన పంటి బీమాలోంచి ఈ నెల 31తో నా పేరు తీసేస్తారట.

"పుట్టినరోజు కానుక," అన్నాడు నాన్న.

నవ్వాను. చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాను.

ఆగస్టు 21, గురువారం

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. డాక్టరు పట్టుమని పది మాటలు మాట్లాడరు. మాటలన్నీ ముందు బల్ల దగ్గర కూర్చునే బెర్నిస్‌వి. నేను మూడేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆవిడ ఆ కుర్చీలోనే ఉంది.

ఎడమ పైకోర ఊగుతోంది. అది నా పాలపన్ను. దాని పైన చిగుళ్లలో పెద్దపన్ను లేదు. ఎప్పుడూ లేదు. అందుకే ఈ చిన్నది పాత నవలల్లోని నమ్మిన పనిమనిషిలా వెళ్లిపోకుండా ఇన్నాళ్లు నిలబడింది. చిన్నగా, పసుపుగా, పక్కనున్నవాటికి పొంతన లేకుండా. పదమూడో ఏట కాన్వెంటులో ఎవరో దాన్ని ఎలుకపన్ను అన్నారు. ఆ రోజు నుంచి నా చెయ్యి నోటి దగ్గరే ఉంటోంది.

"ఇంకెన్నాళ్లుంటుంది?" అని అడిగాను.

"నువ్వు దాన్ని గౌరవంగా చూసుకుంటే క్రిస్మస్ దాకా," అంది బెర్నిస్. "ఊడాక దవడలో మేకు దిగ్గొట్టి మీద క్యాప్ వెయ్యాలి. మేకు రెండువేల ఆరొందల డాలర్లు, క్యాప్ పదహారొందలు. బీమా ఉందా అమ్మడూ?"

పది రోజుల దాకా ఉంది అన్నాను.

ఆగస్టు 23, శనివారం

లైబ్రరీలో నా పని వారానికి ఇరవై గంటలు. ఇరవై గంటలవాళ్లకు బీమా ఇవ్వరు. మిగతా సమయంలో ప్రచురణకర్తలకు పుస్తకాల వెనక విషయసూచికలు తయారుచేసి ఇస్తాను. వాళ్లూ ఇవ్వరు. నేనే కొనుక్కోవాలి.

విస్కాన్సిన్‌లో ఉండేవాళ్లకు విడిగా ఒక్కొక్కరికే అమ్మే పథకాలు పదకొండు దొరికాయి. మూడు మిగిల్చాను. పేర్లు రాయను, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటో పథకం నెలకు 18 డాలర్లు. రెండోది 34. మూడోది 57.

మూడోదాని చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి "దుబారా" అని రాశాను.

ఆగస్టు 26, మంగళవారం

పట్టిక తయారైంది. పద్నాలుగు వరసలు. నెలకెంత. ఏడాదిలో వాళ్లు గరిష్ఠంగా ఎంత ఇస్తారు. వాళ్లు ఇవ్వడం మొదలుపెట్టేముందు నేనెంత పెట్టుకోవాలి. కొత్తగా చేరినవాళ్లు పెద్ద పనులకు ఎన్ని నెలలు ఆగాలి. బొగ్గుపెన్సిలుతో నిలువు గీతలు, ఊదారంగుతో అడ్డగీతలు. ఇంత అందమైన పట్టిక నేను ఇంతవరకు చెయ్యలేదు.

ఒకటో పథకం అని తేల్చుకుని బెర్నిస్‌కు ఫోన్ చేశాను.

"పద్దెనిమిది డాలర్లదా? పెద్ద పనికి పన్నెండు నెలలు ఆగమంటాడు. నీ పన్ను ఆగుతుందా?"

"మరి రెండోది?"

"అది మంచిదే. పాత బీమా కాగితం చూపిస్తే ఆగక్కర్లేదు. మధ్యలో రెండు నెలలు ఖాళీ పడినా ఒప్పుకుంటాడు. మేకుకీ క్యాప్‌కీ సగం సగం ఇస్తాడు. కానీ చివరి పేజీ చదివావా?"

చదవలేదు. చదివాను. పథకం మొదలయ్యే రోజుకే ఊడిపోయి ఉన్న పన్నుకు బదులు పన్ను పెట్టించుకుంటే పైసా ఇవ్వరు.

"నా పెద్దపన్ను పుట్టుక నుంచీ లేదు కదా," అన్నాను.

"పాలపన్ను నోట్లో ఉన్నంతసేపు పన్ను ఉన్నట్టే లెక్క. అడిగి కనుక్కున్నా. అందుకే చెప్తున్నా, అది ముందు ఊడిందా, అంతే సంగతులు."

ఆగస్టు 30, శనివారం

రెండో పథకమే. దాదాపు ఖాయం. ఇంకొక వరస కలపాలి.

ఆగస్టు 31, ఆదివారం

దరఖాస్తుకు నెలాఖరు గడువు. ఈ రోజు ఆదివారం. రేపు కార్మికదినం సెలవు. సెలవురోజు ఇవ్వాల్సిన హోంవర్కు కాన్వెంటులో మా సిస్టర్ జనవీవ్ మర్నాడు తీసుకునేవారు. అందరూ అంతే. మంగళవారం పంపిస్తాను. ఈలోగా పదిహేనో వరస.

సెప్టెంబరు 2, మంగళవారం

పంపాను. వెంటనే జవాబు వచ్చింది. మీ పథకం అక్టోబరు 1 నుంచి మొదలవుతుంది, మా కుటుంబంలోకి స్వాగతం.

సెప్టెంబరు 3, బుధవారం

సెప్టెంబరు నెలంతా నాకు బీమా లేదు. ఇంకా ఇరవై ఎనిమిది రోజులు. పన్ను అక్టోబరు ఒకటిన నోట్లో ఉండాలి. ఆ తర్వాత దాని ఇష్టం.

ఏమంత కష్టం? నేను మాట్లాడేదే తక్కువ.

సెప్టెంబరు 5, శుక్రవారం

మరిచాను. సెప్టెంబరు అంటే కెర్మిస్‌ల నెల.

పంట ఇంటికొచ్చిన సంతోషానికి బెల్జియం నుంచి వలసొచ్చినవాళ్ల మా ఊళ్లన్నీ వంతులవారీగా ఒక్కో ఆదివారం పండగ చేసుకుంటాయి. ప్రార్థన, బ్యాండు, దుమ్ములో నాట్యం, టార్టులు. అన్నిటికన్నా ముందు బూయా. కోళ్లు, గొడ్డుమాంసం, కూరగాయలు రాత్రంతా గంగాళాల్లో ఉడుకుతాయి. కోడి మాంసం కరిగిపోతుంది గాని, సన్నటి ఎముకలు కరగవు. ప్రతి గరిటెలో రెండైనా తగులుతాయి. మా ఊళ్లో సగంమంది పళ్లు బూయాకే ధారపోశారని బెర్నిస్ అంటుంది.

సెప్టెంబరు 7, ఆదివారం

మొదటి కెర్మిస్. బూయా వద్దన్నాను. నానమ్మ చెయ్యి నుదుటిమీద పెట్టి చూసింది.

"జ్వరం లేదే. ఏమొచ్చిందే నీకు?"

"ఆకలి లేదు నానమ్మా."

"బూయా ఆకలికి తింటారుటే?"

బ్యాండులో ట్రాంబోన్ అనే పొడుగు బాకా వాయించే అతను, చీజ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఎమెట్ జాడిన్, నాట్యానికి పిలిచాడు. తల అడ్డంగా ఊపాను. నాట్యంలో గెంతాలి. గెంతితే దవడ అదురుతుంది.

సెప్టెంబరు 9, మంగళవారం

ఎమెట్ లైబ్రరీకి వచ్చాడు. తేనెటీగల పెంపకం మీద పుస్తకం అడిగాడు. మాట్లాడకుండా ఆ అలమర దాకా తీసుకెళ్లి చూపించాను.

"మీ దగ్గర తేనెటీగలున్నాయా?" అన్నాను, పెదవులు సరిగా విప్పకుండానే.

"లేవండీ. పుస్తకం చదివాక నిర్ణయించుకుంటా."

అతని గురించి రాయడానికి ఇంకేం లేదు.

సెప్టెంబరు 10, బుధవారం

అతని చేతులకు పాల వాసన ఉంటుంది. చెడ్డగా ఏం లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

రెండో కెర్మిస్. అతను మళ్లీ పిలిచాడు. వద్దన్నాను. పోనీ టార్టు తెచ్చివ్వనా అన్నాడు. వద్దన్నాను. మంచినీళ్లు? వద్దన్నాను. పాపం, నీళ్లు తాగొచ్చు. అలవాటులో అనేశాను.

ఇంటికొచ్చాక నానమ్మకు నిజం చెప్పేశాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది.

"దీనికా ఇంత రాద్ధాంతం? దారం కట్టి తలుపుకు వేసి లాగితే నిమిషం."

"అక్టోబరు ఒకటి దాకా ఉండాలి నానమ్మా. లేకపోతే నాలుగువేల రెండొందలు."

నానమ్మ గడ్డం వదిలేసింది. అంత మెల్లగా ఆవిడ గుడ్లను కూడా దించదు.

సెప్టెంబరు 17, బుధవారం

బుధవారాలు సిస్టర్ జనవీవ్ డిటెక్టివ్ నవలల కోసం వస్తారు. ఎనభై నాలుగేళ్లు. హంతకుడెవరో ముందు చదివి, ఆ తర్వాత మొదటి పేజీ మొదలుపెడతారు. నా పట్టిక బల్ల మీద ఉంది. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి పదిహేను వరసలూ చూశారు.

"గీతలు బాగున్నాయి. అడ్డంగా పోల్చావు. నిలువుగా కూడావా?"

"కూడాను సిస్టర్."

కూడలేదు. ఒక్కో వరసలో ఎవరు గెలిచారో చూసి చుక్క పెట్టుకుంటూ వచ్చాను. రెండోదానికి ఎనిమిది చుక్కలు వచ్చాయి. చుక్కలను కూడాను కదా. అబద్ధమేమీ కాదు.

సెప్టెంబరు 21, ఆదివారం

మూడో కెర్మిస్. అతను పిలవలేదు.

సెప్టెంబరు 22, సోమవారం

తేనెటీగల పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. నేను లేనప్పుడు, బయటి పెట్టెలో వేసి.

సెప్టెంబరు 23, మంగళవారం

జావ. గుజ్జు. జావ. పన్ను బాగానే ఉంది. ఇంకా ఎనిమిది రోజులు.

సెప్టెంబరు 26, శుక్రవారం

ఎల్లుండి మా ఊరి కెర్మిస్. నలభై ఏళ్లుగా మా గంగాళం గరిటె నానమ్మది. గరిటె పట్టినవాళ్లు అందరి ముందూ మొదటి గిన్నె తిని చూపించాలి. తాము తిననిది ఊరికి పెట్టకూడదని. ఈ పొద్దున నానమ్మ మెట్టు తప్పి మణికట్టు బెణికించుకుంది.

"గరిటె నువ్వే పట్టాలే," అంది.

"నానమ్మా, పన్ను..."

"చారు మింగు. ఎముకలు పక్కకు నెట్టు. కాన్వెంటులో అంత చదువుకున్నావు, గిన్నెలో ఎముక కనిపెట్టలేవూ?"

సెప్టెంబరు 28, ఆదివారం

నవ్వు ఇంకా ఆగలేదు. వరసగా రాయాలి.

ప్రార్థన అయింది. చర్చి గుమ్మం నుంచి బ్యాండు ముందు నడిచింది. ఎమెట్ నా వైపు చూడలేదు. గంగాళం ముందు మూడొందల మంది వరసకట్టారు. నేను నాన్న బూట్ల ఎత్తున్న పీట ఎక్కి, ఆవిరిలో నిలబడి, మొదటి గిన్నె చేతిలోకి తీసుకున్నాను. చారు మింగాను. బాగుంది. నాలుగు వారాల తర్వాత తిండి అనేది ఏమిటో గుర్తొచ్చింది. ఇంకో చెంచా తీసుకున్నాను. అందులో మాంసం ఉంది. తీసుకున్నానని తెలిసే తీసుకున్నాను.

సరిగ్గా అప్పుడు నానమ్మ లక్కీడిప్ నంబర్లు చదవాల్సిన మైకును ఎడమచేత్తో పట్టుకుంది.

"నూట పన్నెండు. పంది తొడ. ఎవరిదో వచ్చి తీసుకోండి. ఇంకో మాట. ఎమెట్ జాడిన్! ఎక్కడున్నావు బాబూ? మా మనవరాలు నిన్ను కాదనలేదయ్యా. దానికి పన్ను ఊగుతోంది. పాలపన్ను. బీమా మొదలయ్యేది అక్టోబరు ఒకటిన. అందాకా గెంతకూడదు, నవ్వకూడదు. బుధవారం తర్వాత వచ్చి అడుగు. నూట నలభై, రెండు డజన్ల గుడ్లు."

మూడొందల తలలు నా వైపు తిరిగాయి. గంగాళం కింద కట్టె చిటపట వినిపించింది. నాకు ఆ గంగాళంలో దూకేద్దామనిపించింది.

ఆ నిశ్శబ్దంలో ట్రాంబోన్ ఒక్కటే మోగింది. పైనుంచి కిందికి, పొడుగ్గా, మెట్ల మీంచి లావుపాటి ఆవు జారిపోతున్నట్టు. ఎమెట్ ముఖం చెవుల దాకా ఎర్రగా ఉంది. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి.

నవ్వొచ్చింది. ఆపుకుందామని పళ్లు కరిచాను. మధ్యలో ఎముక ఉంది. టక్ మంది. అప్పుడిక ఆపడానికి ఏముంది? ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో గరిటె. నోటికి అడ్డం పెట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. మూడొందల మంది ముందు, నోరంతా తెరిచి, కడుపు నొప్పెట్టేదాకా నవ్వాను.

"ఊడిందా?" అంది నానమ్మ మైకులోనే.

తల ఊపాను.

"ఎవరూ గిన్నె ముట్టుకోవద్దు!"

నాన్న, బెర్నిస్, ఫాదర్ కూడా చుట్టూ మూగారు. బెర్నిస్ నా గిన్నెను పళ్లెంలోకి వంపి ఎముకలను ఒక్కొక్కటే వేలితో పక్కకు జరిపింది. నలభై ఏళ్ల అనుభవం. "ఇది మెడ. ఇది రెక్క. ఇదీ రెక్కే. ఇదుగో మన పిల్ల!"

ఎమెట్ ట్రాంబోన్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"నా వల్లేనండీ. క్షమించండి. ఆ నాలుగువేలు..."

"మీ వల్ల కాదు," అన్నాను. "కోడి వల్ల."

సందులోంచి గాలి పోయింది. కోడి అన్న మాట ఈలలా వచ్చింది. ఇద్దరం మళ్లీ నవ్వాం. తర్వాత నాట్యం చేశాం. ఇక అదిరేదేముంది? బూట్లలోకి, జుట్టులోకి దుమ్ము. రెండు గిన్నెల బూయా తిన్నాను. మూడు.

సెప్టెంబరు 29, సోమవారం

పొద్దున లేచాక నాలుగువేల రెండొందలు గుర్తొచ్చాయి. నాలుక సందులోకే పోతోంది. మెత్తగా, ఉప్పగా ఉంది. మూడు రోజులు. మూడే రోజులు.

కాసేపు ఏడ్చాను. తర్వాత లైబ్రరీకి వెళ్లి పట్టిక తీశాను. నా మీద నాకు కోపంగా ఉంటే ఏదో ఒకటి సవరిస్తాను. "నిలువుగా కూడావా?" అన్న మాట గుర్తొచ్చింది.

కూడాను. చుక్కలను కాదు, డాలర్లను. పథకాల కోసం కాదు, నా ఒక్క పన్ను కోసం.

బెర్నిస్ చెప్పినట్టు మేకు డిసెంబరులో, ఎముక పట్టాక క్యాప్ ఏప్రిల్‌లో. అంటే రెండు వేర్వేరు సంవత్సరాలు, రెండేళ్ల గరిష్ఠాలు. ఏడాదికోసారి ముందు నేను పెట్టుకోవాల్సిన యాభై తీసేస్తే, బీమావాళ్లు ఇచ్చే సగం మేకుకు 1,275, క్యాప్‌కు 775. నాకు పడేది 2,150. దానికి ఏడాది ప్రీమియం కలపాలి.

రెండో పథకం, పన్ను నిలిచి ఉంటే: 2,558.
రెండో పథకం, ఇప్పుడు: పైసా రాదు. 4,608.

మూడో పథకం చివరి పేజీ తీశాను. ఒకసారి చదివాను. లేచి నిలబడి మళ్లీ చదివాను. ముందే ఊడిన పన్ను గురించిన షరతు లేదు. పాత బీమా కాగితం ఉంటే ఆగక్కర్లేదు. ఇచ్చేది అదే సగం.

2,834.

తేడా 276. నెలకు ఇరవై మూడు డాలర్లు. నాలుగు ఆదివారాలు, నాలుగు కెర్మిస్‌లు, టార్టులు, నాట్యాలు, ఒక తేనెటీగల పుస్తకం, ఇన్నిటినీ నేను వదులుకుంది నాలుగువేల కోసం కాదు. రెండొందల డెబ్బై ఆరు కోసం. ఆ జవాబు ఆగస్టు నుంచీ నా పట్టికలోనే ఉంది, దుబారా అన్న ఎర్రగీత మధ్యలో.

లైబ్రరీలో గట్టిగా నవ్వాను. పిల్లల విభాగంలో ఎవరో "ష్" అన్నారు. ఇరవై గంటలు అలా అనడానికే నాకు జీతమిస్తారు.

సెప్టెంబరు 30, మంగళవారం

బెర్నిస్‌కు ఫోన్ చేశాను.

"రెండోదాన్ని రద్దు చెయ్యొచ్చా?"

"మొదలే కాలేదుగా, నిక్షేపంగా. మూడోదానికి ఇవాళే పంపు. ఇవాళ ఏ సెలవూ లేదు, నేను చూశా."

పదిన్నరకు పంపాను. పదిన్నర దాటి రెండు నిమిషాలకు జవాబు. అక్టోబరు 1 నుంచి. మా కుటుంబంలోకి స్వాగతం.

"ముందే అది తీసుకొమ్మని ఎందుకు చెప్పలేదు?" అని బెర్నిస్‌ను అడిగాను.

"నువ్వు అడిగింది ఒకటోదీ రెండోదీ. మూడోదాని ఊసు ఒక్కసారైనా ఎత్తావా?"

అక్టోబరు 1, బుధవారం

సిస్టర్ జనవీవ్ వచ్చారు. పట్టిక చూపించి, ఆ రోజు కూడకుండానే కూడానని చెప్పానని ఒప్పుకున్నాను.

"తెలుసు," అన్నారు. "తప్పు లెక్క వేసినవాళ్లు కాగితం చూపిస్తారు. అసలు లెక్కే వెయ్యనివాళ్లు గీతలు చూపిస్తారు."

అని నా నోట్లోకి చూసి, "ఈల వస్తుందా?" అన్నారు.

వచ్చింది. ఆవిడ చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, కట్టుడుపళ్లు కాస్త ముందుకు నెట్టి తనూ వేశారు. నాకన్నా బాగా.

అక్టోబరు 2, గురువారం

ఎమెట్ వచ్చాడు. తేనెటీగల పుస్తకం మళ్లీ కావాలట.

"చదివి ఇచ్చేశారుగా?"

"చదవలేదు. నిజం చెప్పనా? నాకు తేనెటీగలంటే భయం."

అక్టోబరు 7, మంగళవారం

బెర్నిస్ తాత్కాలికంగా తొడుక్కునే పన్ను ఇచ్చింది. తెల్లగా, పెద్దగా, పక్కవాటికి అచ్చంగా సరిపోయేలా ఉంది. అద్దంలో చూసుకున్నాను. చాలా బాగుంది. డబ్బాలో పెట్టి మేజాబల్ల సొరుగులో పెట్టాను. డిసెంబరులో మేకు. అందాకా కంగారేం లేదు.

అక్టోబరు 19, ఆదివారం

ఈ ఏటికి ఆఖరి కెర్మిస్, పక్క ఊళ్లో. చలి. బూయా నుంచి పొగలు. నానమ్మ కట్టు విప్పింది, ఎవరి గంగాళమైనా సరే గరిటె తనదే అంటోంది.

బ్యాండువాళ్లు ఏ పాట వాయించాలని వాదించుకుంటున్నారు. ఎమెట్ నన్ను చూసి, "ఓడిల్, నువ్వు చెప్పు," అన్నాడు. మీరు అనడం ఎప్పుడు మానేశాడో గమనించలేదు. గోలలో నా మాట వినపడదు. అందుకని రెండు వేళ్లు కూడా అక్కర్లేకుండా, సందులోంచి ఈల వేశాను. పాట మొదటి వరస. వాదన ఆగింది. ట్రాంబోన్ అందుకుంది.

దుమ్ము పడకుండా నానమ్మ టార్టుల మీద బట్ట కప్పింది. నాన్న ఫోటో తీశాడు. ఇంటికొచ్చి చూశాను. అందులో నా రెండు చేతులూ ఎమెట్ భుజాల మీద ఉన్నాయి.